మిరపకి సాలిసిలిక్ యాసిడ్ కొడితే తెగుళ్లు తట్టుకుంటుందా?

మిర్చి రైతు, ఖమ్మం జిల్లా:

అందరికీ నమస్కారం. మాది మూడెకరాల మిరప తోట. నల్లరేగడి, డ్రిప్ ఉంది. ఆగస్టులో నాటాం, ఇప్పుడు పూత మీదుంది. అక్కడక్కడా ఆకు ముడత కనిపిస్తుంటే మందుల షాపుకి పోయాను. ఆయన పురుగుమందుతో పాటు ఇంకో లీటరు డబ్బా చేతిలో పెట్టి, "ఇది కొడితే మొక్కకి ఇమ్యూనిటీ వస్తుంది, బొబ్బర కూడా దగ్గరికి రాదు" అన్నాడు. ధర చూస్తే పురుగుమందు కంటే ఎక్కువ. డబ్బా మీద సాలిసిలిక్ యాసిడ్, సముద్రపు నాచు రసం అని రాసుంది. ఎంత శాతం ఉందో మాత్రం లేదు.

అది చూసి మా బావమరిది, "దీనికి అంత డబ్బెందుకు బావా, ఆస్పిరిన్ మాత్రలు నీళ్లలో వేసి కొట్టు, రెండూ ఒకటే" అని ఒక వీడియో పంపాడు. అందులో ఇది మొక్కల హార్మోన్ అని చెప్తున్నారు. హార్మోన్ అంటే నాకు తెలిసింది పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్, మామిడికి వాడే ఎథ్రెల్, అంతే. పక్క చేనాయన మొక్క ఎదగడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ కూడా కొట్టాడు. ఇవన్నీ ఎదుగుదలకో పండటానికో వాడేవి కదా, రోగానికీ హార్మోన్‌కీ సంబంధం ఏంటి? అసలు మొక్కకి మనలాగా రోగనిరోధక శక్తి ఉంటుందా? డబ్బా కొట్టాలా, వాపస్ ఇవ్వాలా? పెట్టుబడి ఇప్పటికే చాలా అయింది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు మిర్చి:

అన్నా, మా ఊళ్లో పోయినేడు చాలామంది కొట్టారు. బొబ్బర వచ్చిన మొక్క మాత్రం ఎవరి చేలోనూ తేరుకోలేదు. కొట్టని చేలకీ కొట్టిన చేలకీ నాకైతే తేడా కనపడలేదు. అందరూ పురుగుమందులు కూడా కొట్టారు కాబట్టి దేనివల్ల ఏం జరిగిందో చెప్పడం కష్టం.

తెగుళ్ల పాఠం:

ఖమ్మం అన్నా, డబ్బా ఇంకా తెరవకపోతే ఈరోజుకి పక్కన పెట్టండి. ముందు తోటలోకి వెళ్లి ముడత ఏ రకమో చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని ఆకు కాడ సాగినట్టుంటే నల్లి. ఆకులు చిన్నవైపోయి, ఈనెల మధ్య పసుపు తిరిగి, మొక్క గిడసబారిపోతే అది బొబ్బర, అంటే తెల్లదోమ తెచ్చే జెమిని వైరస్. మూడింటికీ మందు ఒకటి కాదు. ఇది తేలకుండా ఏ డబ్బా కొట్టినా డబ్బు నీళ్లలో పోసినట్టే.

ఇక మీ అసలు ప్రశ్న. నేను మొక్కల తెగుళ్ల పాఠం చెప్తాను, చదువుకున్నదీ ఈ హార్మోన్ల మీదే. ఈ విషయం అంటే నాకు ప్రాణం. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మొక్కకి రోగనిరోధక శక్తి ఉంటుంది. మనకున్నట్టు రక్తంలో తిరిగే కణాలు ఉండవు, అందుకని ఏ కణానికి ఆ కణమే కాపలా కాసుకోవాలి. ఒక ఆకు మీద దాడి జరిగితే ఆ వార్త మిగతా ఆకులకి చేరాలి, ఏ ఆయుధం బయటికి తీయాలో తెలియాలి. ఈ పని హార్మోన్లదే.

ఇది మొదట బాగా కనపడింది పొగాకులో. 1961లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఫ్రాంక్ రాస్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్క కింది ఆకుల మీద మొజాయిక్ వైరస్ రుద్దాడు. ఆయన వాడిన రకం ఆ వైరస్‌ని తట్టుకునేది. వైరస్ దిగిన ప్రతి చోటా చుట్టూ ఉన్న కణాలు తమంతట తాము చచ్చిపోయి చిన్న గోధుమ రంగు మచ్చ పడుతుంది, వైరస్ అందులోనే చిక్కుకుంటుంది. కొన్నాళ్లకి అదే మొక్క పై ఆకుల మీద మళ్లీ వైరస్ రుద్దాడు. ఆ ఆకులు అంతకుముందు వైరస్ మొహం చూడలేదు. అయినా వాటి మీద మచ్చలు తక్కువ పడ్డాయి, పడ్డవీ చిన్నగానే ఆగిపోయాయి. కింది ఆకు పడ్డ దెబ్బ పై ఆకుకి ఎలాగో తెలిసింది.

1979లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ (సాలిసిలిక్ యాసిడ్‌కి దగ్గరి చుట్టం) ద్రావణం ఎక్కించి ఆ తర్వాత వైరస్ రుద్దాడు. మచ్చలు బాగా తగ్గిపోయాయి. అంటే మీ బావమరిది పంపిన వీడియోకి మూలం ఉట్టి పుకారు కాదన్నా. 1990లో రెండు వేర్వేరు బృందాలు, ఒకటి పొగాకులో, ఇంకొకటి దోసలో, తెగులు సోకిన మొక్క తనే సాలిసిలిక్ యాసిడ్ తయారు చేసుకుంటుందని చూపించాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 1993 నాటి ప్రయోగం. సాలిసిలిక్ యాసిడ్‌ని తినేసే బ్యాక్టీరియా ఒకటుంది. దాని జన్యువుని పొగాకులో పెట్టారు. ఆ మొక్క సాలిసిలిక్ యాసిడ్ తయారు చేసుకున్నా నిలవదు, ఎప్పటికప్పుడు విరిగిపోతుంది. కింది ఆకు దెబ్బ తిన్నా ఆ మొక్క పై ఆకులకి రక్షణ రాలేదు. మరుసటేడు దానికి అంటు కట్టి చూశారు. కింద ఈ జన్యువున్న మొక్క, పైన మామూలు పొగాకు. కిందికి వైరస్ సోకితే పై భాగం చక్కగా తట్టుకుంది! కింద సాలిసిలిక్ యాసిడ్ నిలవకపోయినా వార్త పైకి వెళ్లింది. కాబట్టి పైకి ప్రయాణం చేసేది సాలిసిలిక్ యాసిడ్ కాదు, వార్త అందుకున్న ఆకులో మాత్రం అది తప్పనిసరిగా ఉండాలి. మరి ప్రయాణించేది ఏది? 2007లో పొగాకులో మిథైల్ సాలిసిలేట్ పేరు బయటికొచ్చింది. నొప్పుల బామ్ మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు దానిదే. తర్వాత ఇంకో రెండు మూడు పదార్థాల పేర్లూ వచ్చాయి.

ఇంతవరకూ వింటే డబ్బా కొట్టేయాలనిపిస్తుంది. ఆగండి, రెండో హార్మోన్ ఉంది. దాని పేరు జాస్మోనిక్ యాసిడ్. దీని వాసన రూపం, మిథైల్ జాస్మోనేట్, 1962లో జాజి పూల నూనెలో దొరికింది, పేరు అందుకే. 1990లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫార్మర్, క్లారెన్స్ రయాన్ ఒక గాజు గదిలో టమాట మొక్కల పక్కన సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద కొమ్మలు పెట్టారు. ఆ పొద ఆకుల నుంచి మిథైల్ జాస్మోనేట్ ఆవిరి వస్తుంది. ఏ పురుగూ కొరకలేదు, ఎవరూ ముట్టుకోలేదు, అయినా టమాట ఆకుల్లో పురుగు కడుపులో అరుగుదలని ఆపే ప్రోటీన్లు పెరిగిపోయాయి. ఆ ఆకు తిన్న పురుగు ఎదగదు.

ఈ రెండు హార్మోన్లూ పని పంచుకున్నాయి. బతికున్న కణం నుంచే తిండి లాగే బూడిద తెగులు లాంటివాటి మీద, చాలా వైరస్‌ల మీద సాలిసిలిక్ యాసిడ్ నడుస్తుంది. ఆకు కొరికే లద్దెపురుగు, పచ్చపురుగు మీద, కణాన్ని ముందే చంపి కుళ్లిన దాన్ని తినే శిలీంధ్రాల మీద జాస్మోనిక్ యాసిడ్ నడుస్తుంది, దానికి ఇథిలీన్ అనే ఇంకో హార్మోన్ తోడు. చాలా మొక్కల్లో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. మీరు సాలిసిలిక్ యాసిడ్ పెంచితే పురుగుని ఆపే పక్క బలహీనపడొచ్చు.

ఇది ల్యాబ్ మాట మాత్రమే కాదు. కాలిఫోర్నియాలో జెన్నిఫర్ థేలర్ బృందం పొలంలోనే టమాట మీద చేసి 1999లో ప్రచురించింది. సాలిసిలిక్ యాసిడ్ లాగా పనిచేసే బీటీహెచ్ అనే మందు కొట్టిన మొక్కల్లో బ్యాక్టీరియా మచ్చ తెగులు తగ్గింది, కానీ లద్దెపురుగు జాతి పురుగులు ఆ మొక్కల మీద ఇంకా బాగా ఎదిగాయి. పురుగులని ఆపేంత జాస్మోనిక్ యాసిడ్ కూడా కొడితే, బ్యాక్టీరియా మచ్చ మీద బీటీహెచ్ ఇచ్చిన రక్షణ కొంత తగ్గిపోయింది.

అందుకే "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని రాసున్న డబ్బా చూస్తే నాకు కోపం వస్తుంది. ఎవరి మీద ఇమ్యూనిటీ? అది రాయరు. మీ తోటలో తెల్లదోమ ఉందో తామర పురుగు ఉందో లద్దెపురుగు ఉందో అడగకుండా ఒకే డబ్బా ఇవ్వడం రైతుకి అన్యాయం.

మిర్చి రైతు, ఖమ్మం జిల్లా:

మేడం, చాలా థ్యాంక్స్. తోటలోకి పోయి చూశాను. ఎక్కువ మొక్కల్లో ఆకు పైకి ముడుచుకుంది. గట్టు పక్క వరుసల్లో మాత్రం కొన్ని మొక్కలు మీరు చెప్పినట్టే చిన్నాకు, పసుపు, గిడసబారి ఉన్నాయి. ఆకు తిప్పితే తెల్లదోమ లేస్తోంది. మరి వైరస్ మీద సాలిసిలిక్ యాసిడ్ పనిచేస్తుందని మీరే అన్నారు, బొబ్బరకి కొట్టొచ్చు కదా?

తెగుళ్ల పాఠం:

అన్నా, మంచి ప్రశ్న. వైరస్ మొక్కలోకి రాకముందే రక్షణ లేచి ఉంటేనే లాభం. రాస్, వైట్ ఇద్దరూ ముందు రక్షణ లేపి, తర్వాతే వైరస్ రుద్దారు. లోపల పెరిగిపోయిన వైరస్‌ని సాలిసిలిక్ యాసిడ్ కడిగేయదు. పల్నాడు అన్న చూసింది అదే.

ఇందులో తెల్లదోమ సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. అది కొరికే పురుగు కాదు, సూది లాంటి నోటితో ఆకు నాళం నుంచి రసం పీలుస్తుంది. అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క మీద 2007లో చూస్తే, తెల్లదోమ పిల్లలు రసం పీలుస్తున్నప్పుడు మొక్కలో సాలిసిలిక్ యాసిడ్ పక్క లేస్తోంది, దోమకి నిజంగా ఇబ్బంది పెట్టే జాస్మోనిక్ యాసిడ్ పక్క పడిపోతోంది. మొక్క తప్పు ఆయుధం తీసేలా దోమే చేస్తోందన్నమాట. దానికి తోడు వైరస్ కూడా చేతులు కలుపుతుంది. చైనాలో టమాటని పీడించే ఆకుముడత వైరస్, మన బొబ్బర కుటుంబానిదే, దాని దగ్గర ఒక చిన్న ప్రోటీన్ ఉంది. అది మొక్కలో జాస్మోనిక్ యాసిడ్ రక్షణని అణచివేస్తుందనీ, ఆ వైరస్ సోకిన పొగాకు మీద తెల్లదోమ బాగా వృద్ధి చెందుతుందనీ 2012లో చూపించారు. దోమ పెరిగితే వైరస్‌కి వాహనం పెరిగినట్టే.

మీ తోటలో దోమ లేస్తున్నప్పుడు సాలిసిలిక్ యాసిడ్‌ని ఇంకా పెంచితే లాభమో నష్టమో తేల్చుకోకుండా నేనైతే మూడెకరాలకీ కొట్టను. గట్టు పక్క బొబ్బర మొక్కల్ని ఈరోజే పీకి, తోటలో పడేయకుండా బయటికి తీసుకెళ్లి కాల్చేయండి లేదా పూడ్చేయండి. పసుపు రంగు జిగురు అట్టలు తెల్లదోమకి, నీలం రంగువి తామర పురుగుకి పెట్టండి. వచ్చే ఏడు నాటే ముందే చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. పురుగుమందు ఏది, ఎంత అనేది మీ ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఆకు చూపించి అడగండి, తోట చూడకుండా ఇక్కడ చెప్పడం సరికాదు.

ఇంకో రెండు మాటలు. ఒకటి ఎండ. అదే అరబిడాప్సిస్‌లో 28 డిగ్రీలు దాటితే తెగులు సోకినా సాలిసిలిక్ యాసిడ్ తయారీ పడిపోతుంది. ఎందుకు పడిపోతుందో, ఏ జన్యువు దగ్గర ఆగిపోతుందో 2022లో తేలింది. అది చలి దేశపు మొక్క, మిరప మన ఎండకి అలవాటైంది, లెక్క అచ్చం అలాగే ఉండదు. కానీ రాస్ వాడిన పొగాకు రకం కూడా 28 డిగ్రీలు దాటిన వేడిలో మచ్చ వేసి వైరస్‌ని ఆపలేదు, వైరస్ మొక్కంతా పాకుతుంది. చల్లటి దేశాల్లో పనిచేసినంత మాత్రాన ఖమ్మంలో పనిచేస్తుందని అనుకోకూడదు.

రెండోది ఖర్చు. నేను చెప్పేది డబ్బా ధర కాదు, మొక్క పెట్టే ఖర్చు. రక్షణ ప్రోటీన్లు తయారు చేయాలంటే నత్రజని కావాలి, పిండిపదార్థం కావాలి. అవి కాయకి వెళ్లాల్సినవి. జర్మనీలో గోధుమ మీద బీటీహెచ్ కొట్టి చూశారు, 2000లో ప్రచురించారు. తెగులు లేని చోట కొడితే మొక్క ఎదుగుదల తగ్గింది, గింజ తగ్గింది. జబ్బు లేకుండా మందు తాగిస్తే మొక్కకీ భారమే.

మిద్దె తోట, వరంగల్:

నమస్తే మేడం. నేను డాబా మీద కుండీల్లో టమాట, వంగ పెంచుతాను. మా గ్రూపులో అందరూ ఆస్పిరిన్ మాత్ర కలిపి కొడుతున్నారు. కింది ఆకుల మీద గుండ్రటి గోధుమ మచ్చలు, లోపల వలయాలు ఉన్నాయి. నేనూ కొట్టొచ్చా? మాత్ర ఎంత వేయాలి?

తెగుళ్ల పాఠం:

వలయాలున్న మచ్చ అంటే ఆల్టర్నేరియా ఆకుమాడు అయి ఉంటుందమ్మా. కణాన్ని చంపి తినే రకం. నేను పైన చెప్పిన లెక్క ప్రకారం దీని మీద సాలిసిలిక్ యాసిడ్ పనిచేయకూడదు. కానీ 1999లోనే మట్టి లేకుండా పెంచిన టమాట వేళ్లకి సాలిసిలిక్ యాసిడ్ అందిస్తే ఆల్టర్నేరియా మచ్చలు తగ్గాయి. ఇంకోవైపు 2007లో అరబిడాప్సిస్‌లో, బ్యాక్టీరియా సోకి సాలిసిలిక్ యాసిడ్ లేచిన ఆకులోనే ఆల్టర్నేరియా ఎక్కువ పాకింది. మొక్క మారితే, ఎక్కడి నుంచి అందిందో మారితే ఫలితం మారుతుంది. విద్యార్థులకి కూడా ఈ రెండూ పక్కపక్కన పెట్టే చెప్తాను. పుస్తకంలో గీసిన గీత పొలంలో అంత సూటిగా ఉండదు.

మీ కుండీలకైతే మచ్చ ఆకులు తుంచేసి బయట పడేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి, అదే ఎక్కువ ఉపయోగం. మాత్రే చూడాలనుకుంటే ఒక్క కుండీకే కొట్టండి, పక్క కుండీ వదిలేయండి. కొలత గురించి ఇంత చెప్తాను: ప్రయోగాల్లో వాడేది తరచుగా లీటరుకి 70 నుంచి 140 మిల్లీగ్రాముల సాలిసిలిక్ యాసిడ్. 350 మిల్లీగ్రాముల మాత్రని గ్లాసెడు నీళ్లలో వేస్తే దానికి ఎన్నో రెట్లు ఘాటు అవుతుంది, ఆకు మాడిపోతుంది. చాలామంది చేసేది అదే.

నల్గొండ వరి:

మేడం, ఇక్కడే నాదీ అడుగుతాను, ఏమనుకోవద్దు. సాంబ మసూరి వేస్తాను. రెండు బాధలు. నారుమడిలో కొన్ని మొక్కలు మిగతావాటి కంటే బాగా పొడుగ్గా, పాలిపోయి, సన్నగా లేస్తాయి, నాటిన తర్వాత చచ్చిపోతాయి. రెండోది ఎండాకు తెగులు, వాన గాలి వచ్చిందంటే ఆకు అంచులు ఎండుకుంటూ వస్తాయి. వీటికీ హార్మోన్‌కీ ఏమైనా ఉందా?

తెగుళ్ల పాఠం:

మీరు అడిగిన రెండూ హార్మోన్ కథలే అన్నా. రాత్రి అన్నం తిని తీరిగ్గా రాస్తున్నాను.

నారుమడిలో ఆ పొడుగు మొక్కని జాగ్రత్తగా పీకి చూడండి. కణుపుల దూరం సాగి ఉంటుంది, నేలకి పైనున్న కణుపు దగ్గర కూడా వేళ్లు పుట్టి ఉంటాయి, మొదట్లో తెల్లటి లేదా గులాబీ రంగు బూజు ఉండొచ్చు. జపాన్‌లో దీన్ని బకానే అంటారు. తైవాన్‌లో పనిచేస్తున్న ఎయిచి కురొసావా 1926లో ఈ శిలీంధ్రాన్ని ద్రవంలో పెంచి, శిలీంధ్రాన్ని పూర్తిగా వడకట్టి తీసేసి, మిగిలిన నీళ్లు వరి మొక్కలకి పోశాడు. మొక్కలు అలాగే సాగాయి. శిలీంధ్రం లేదు, అది వదిలిన పదార్థం మాత్రమే ఉంది. 1935లో యాబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మొక్క తనకోసం జిబ్బరెల్లిన్ తయారు చేసుకుంటుందని తేలింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. ఖమ్మం అన్నా, మీ పక్క చేనాయన కొట్టిన జిబ్బరెల్లిక్ యాసిడ్ ఇదే. ఇవాళ్టికీ ఈ శిలీంధ్రాన్ని పెంచే దాన్ని తీస్తారు.

శిలీంధ్రానికి మొక్కని పొడుగు చేస్తే ఏం లాభం? జిబ్బరెల్లిన్ ఎక్కువైతే మొక్క ఎదగడానికి పరుగు పెడుతుంది, రక్షణ వెనకబడుతుంది. వరిలో జిబ్బరెల్లిన్‌ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ ఒకటుంది. అది చెడిపోయిన మొక్కలు పొడుగు పెరుగుతాయి, అగ్గి తెగులుకీ ఎండాకు తెగులుకీ తేలిగ్గా లొంగిపోతాయి. ఆ ఎంజైమ్ ఎక్కువ పెట్టిన మొక్కలు పొట్టిగా ఉంటాయి, తెగుళ్లని బాగా తట్టుకుంటాయి. అందుకే తెగులు మొదలయ్యే కాలంలో ఎదుగుదల టానిక్‌లు కొట్టేవాళ్లని చూస్తే నాకు భయం. మీ నారుమడికి చేయాల్సింది విత్తనశుద్ధి. ఉప్పునీళ్లలో తేలిన తాలు తీసేయండి, ఆ రోగం వచ్చిన పొలం వడ్లు విత్తనానికి వాడొద్దు, శుద్ధికి మందు ఏఈఓని అడగండి.

ఇలా తెగుళ్లు మొక్క హార్మోన్‌ని దొంగతనంగా వాడుకోవడం చాలా చోట్ల ఉంది. టమాటలో బ్యాక్టీరియా మచ్చ తెగులు తెచ్చే సూడోమోనాస్ సిరింజే సంగతి నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఆకు మీద బ్యాక్టీరియా వాలగానే మొక్క గుర్తుపట్టి గంట, రెండు గంటల్లో పత్రరంధ్రాలు మూసేస్తుంది. బ్యాక్టీరియా బయటే ఆగిపోవాలి. కానీ మూడు నాలుగు గంటలయ్యేసరికి రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. ఎందుకంటే అది కొరోనటిన్ అనే పదార్థం వదులుతుంది. కొరోనటిన్ జాస్మోనిక్ యాసిడ్‌కి మారుతాళం. మొక్కలో ఆ హార్మోన్ ఏ ప్రోటీన్‌కి అతుక్కోవాలో దీనికే అతుక్కుంటుంది. మొక్క "పురుగు కొరుకుతోంది" అనుకుని ఆ రక్షణ లేపుతుంది, సాలిసిలిక్ యాసిడ్ పక్క పడిపోతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి. 2006లో ఇది బయటపడింది. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు మీ ఎండాకు తెగులు. ఆ బ్యాక్టీరియా, జాంథోమోనాస్ ఒరైజే, రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ ముక్క వదులుతుంది. మొక్క తన వేళ్ల ఎదుగుదలకి వాడుకునే ఒక పెప్టైడ్ హార్మోన్‌కి అది అచ్చు నకలు. ఇది 2015, 2017లో ప్రచురితమైన పరిశోధనల్లో తేలింది. మామూలు వరికి ఆ నకలుని పట్టుకోవడం రాదు. కానీ ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరి ఒకదానిలో ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఉంది. అది చేసే ప్రోటీన్ అసలు హార్మోన్‌ని వదిలేసి నకలుని మాత్రమే గుర్తుపడుతుంది, వెంటనే రక్షణ లేపుతుంది. ఎంత నాజూకైన గుర్తింపో చూడండి!

ఆ జన్యువు మన దగ్గరికి ఎప్పుడో వచ్చేసింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21తో పాటు ఇంకో రెండు జన్యువుల్ని సంకరం చేసి సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. జన్యువు వచ్చిందో లేదో డీఎన్‌ఏ గుర్తులతో చూసుకుంటూ పిల్ల మొక్కల్ని ఏరారు. గింజ సన్నదనం, అన్నం రుచి సాంబ మసూరివే. మీ పొలానికి ఎండాకు తెగులు ప్రతేడూ వస్తుంటే రకం మార్చడమే నా సలహా. స్ప్రే చేసి లేపే రక్షణ కొన్నాళ్లకి దిగిపోతుంది, విత్తనంలో ఉన్నది పంట కోసేదాకా ఉంటుంది.

మిర్చి రైతు, ఖమ్మం జిల్లా:

మేడం, బొబ్బర మొక్కలు పీకేశాను. రేపు ఏఈఓ వస్తానన్నారు. షాపాయన డబ్బా వాపస్ తీసుకోనంటున్నాడు. ఉన్నదాన్ని ఏం చేయాలి? ఇంకో మాట, సూడోమోనాస్ పొడి విత్తనానికి పట్టించాను, మీరు చెప్పిన టమాట తెగులు కూడా సూడోమోనాసే కదా, ప్రమాదమా?

తెగుళ్ల పాఠం:

కాదన్నా, కంగారు పడొద్దు. ఇంటిపేరు ఒకటే, జాతి వేరు. మీరు పట్టించింది సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, వేళ్ల దగ్గర బతికే మంచి బ్యాక్టీరియా. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు, మీరూ అంతే వేసి ఉంటారు. దీని కుటుంబంలో ఒక రకం మీద నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో చేసిన పని చాలా పేరున్నది. అది వేళ్ల దగ్గర ఉంటే ఆకుల్లో రక్షణ సిద్ధమవుతుంది, అదీ సాలిసిలిక్ యాసిడ్‌తో కాకుండా జాస్మోనిక్ యాసిడ్, ఇథిలీన్ దారిలో. ముందే ఆయుధాలన్నీ తయారు చేసి పెట్టదు, దాడి జరిగినప్పుడు మొక్క త్వరగా స్పందించేలా మాత్రం చేస్తుంది. అందుకే మొక్క మీద భారం తక్కువ. సూడోమోనాస్ పట్టించడం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇదంతా విని హార్మోన్ రక్షణ మందులే పనికిరావనుకోకండి. జపాన్‌లో 1970ల మధ్య నుంచి వరికి ప్రొబెనజోల్ గుళికలు వేస్తున్నారు. అది అగ్గి తెగులు శిలీంధ్రాన్ని నేరుగా చంపడం కన్నా మొక్కలో సాలిసిలిక్ యాసిడ్ దారిని లేపి రక్షణ ఇస్తుంది. ఇన్నేళ్లయినా దానికి శిలీంధ్రం పెద్దగా అలవాటు పడలేదు. అక్కడ పంట ఏదో, తెగులు ఏదో, వేసే సమయం ఏదో ముందే తేల్చుకుని వాడారు. మన దగ్గర కూడా మిరపకి అలాంటి పని జరగాలని నా కోరిక.

డబ్బా మీద శాతం లేదన్నారు కాబట్టి రేపు ఏఈఓకి అది చూపించండి, బిల్లు కూడా. శాతం రాయకుండా అమ్మడం గురించి ఆయనకి చెప్పాల్సిందే. ఎలాగూ డబ్బులు పెట్టారు, వాడి చూద్దామంటే ఆయన ఏం చెప్తారో విని, పూత నిలిచాక, సాయంత్రం చల్లబడ్డాక, తోట మధ్యలో బొబ్బర లేని నాలుగు వరుసలకి మాత్రమే కొట్టండి. పక్కన నాలుగు వరుసలకి ఉట్టి నీళ్లు కొట్టండి, రెంటికీ పుల్లలు పాతి గుర్తు పెట్టండి. పురుగుమందు మాత్రం రెండు చోట్లా ఒకేలా పడాలి. తర్వాత వారం వారం రెండు వైపులా ఆకు తిప్పి దోమ లెక్క చూడండి, లద్దెపురుగు గుడ్లు చూడండి, కొత్త బొబ్బర మొక్కలు ఎన్నో రాసుకోండి. ఆ లెక్క ఇక్కడ పెడితే పల్నాడు అన్నకీ పనికొస్తుంది, నాకూ తరగతిలో చూపించుకోవడానికి కావాలి.

మిర్చి రైతు, ఖమ్మం జిల్లా:

సరే మేడం. పుల్లలు పాతి ఫొటో పెడతాను. నీళ్ల వరుసలకి కూడా అదే నాజిల్‌తో కొట్టాలా?

తెగుళ్ల పాఠం:

అదే నాజిల్, అదే పంపు. నీళ్ల వరుసలకి ముందు కొట్టండి, డబ్బా మందు తర్వాత. లేకపోతే పంపులో మిగిలిన మందు నీళ్లలో కలుస్తుంది.